అడిగి పోసిన టీ

ఇంటర్వెల్ బెల్లు కొట్టడానికి కాస్త ముందు ఫోన్లో మెసేజ్ వచ్చింది. మా పాత టీచర్ల గ్రూపులో ఎవరో పెట్టారు. అక్కయ్య పొద్దున పేరాలలో, వాళ్ళ ఊళ్ళో, పోయారట. నిద్రలోనేనట. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మలు చూస్తే నాకు ఒళ్ళు మంట. మనిషి పోతే ఒక్క మాటైనా రాయలేరా వీళ్ళు అని తిట్టుకుంటూ నేనూ ఆ బొమ్మే పెట్టాను. ఏం రాయాలో తోస్తేగా!

తర్వాత గుర్తొచ్చింది, ఖాలాకి చెప్పాలని. ఖాలా అంటే మా స్టాఫ్ రూమ్‌కి టీ కాచే ఆవిడ. రాయచోటి మనిషి. ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తెలుసేమో గాని, మాకందరికీ ఖాలాయే. ఆవిడ ఫోన్లో ఈ గ్రూపులవీ ఉండవు. నేను లేచి వెళ్ళి చెప్పాలి. వంటగది పది అడుగుల దూరంలోనే ఉంది. అయినా కుర్చీలోనే కూర్చుండిపోయాను.

పోయినావిడ మా స్కూల్లో సోషల్ టీచరు. సౌదీలో, ఈ అల్ ఖోబర్‌లో, అమ్మాయిల సెక్షన్లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది. నేను అక్కయ్యా అనేదాన్ని. పొట్టి మనిషి. పైన వేసుకునే నల్ల అబాయా ఎప్పుడూ ఒక జానెడు పొడుగే. దాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ప్రపంచ పటం చుట్ట చంకలో పెట్టుకుని మెట్లెక్కుతుంటే వెనకొచ్చే పిల్లలంతా ఆగిపోవాల్సిందే. దాటి పొమ్మంటే ఒక్కరూ పోయేవాళ్ళు కాదు.

ఆవిడకో అలవాటు ఉండేది. ప్రతిదీ అడిగేది. ఖాళీ కుర్చీ కనబడ్డా పక్కవాళ్ళని "కూర్చోనా?" అనేది. ఎనిమిదో తరగతి పిల్ల దగ్గర ఎర్ర పెన్ను కావాలంటే "తీసుకోనా?" అని చెయ్యి చాపి ఆగిపోయేది. ఆ పిల్ల ఊఁ అనేదాకా చెయ్యి అలా గాల్లోనే ఉండేది. టీచరు అడిగితే కాదనే పిల్ల ఎక్కడుంటుంది? కానీ ఒకసారి ఒక గడుగ్గాయి "వద్దు మేడమ్, నాకిష్టమైన పెన్ను" అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. "శభాష్!" అని ఆ రోజంతా నీలం పెన్నుతోనే పేపర్లు దిద్దింది.

ఇలాంటి మనిషి మన తెలుగువాళ్ళ మధ్య ఎలా నెగ్గుకొస్తుంది చెప్పండి? మనకి అడిగి పెట్టడమంటే నామోషీ. వద్దంటే మొహమాటం అనుకుని ఇంకో గరిటె వేస్తాం. శుక్రవారం ఎవరింట్లోనైనా నాలుగు కుటుంబాలు కలిసి భోజనాలకి కూర్చుంటే, అక్కయ్య కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కోటకి కాపలా కాస్తున్నట్టు కూర్చునేది. ఒకసారి ఓ ఇంటావిడ ఆ వేళ్ళ సందులోంచి పులిహోర జార్చింది. "అమ్మా, కడుపు నాది. దాన్ని అడిగి వెయ్యి" అంది అక్కయ్య. ఆ ఇంటావిడ నెల్లాళ్ళు మాట్లాడలేదు. అడగందే అమ్మైనా పెట్టదని సామెత కదా అని నేను వేళాకోళం చేస్తే, "అడక్కుండా అమ్మైనా పెట్టకూడదు, అదీ అసలు సామెత" అని ఎదురు దెబ్బలాడింది.

నాకు ఆవిడ పరిచయమైంది నేను టీచరయ్యాక కాదు, అంతకు ముందే. మా అమ్మాయి ఎనిమిదిలో ఉంది. ఒక సాయంత్రం నేను బెండకాయ వేయిస్తుంటే వచ్చి, "అమ్మా, ఒక క్వశ్చన్. మేడమ్ అమ్మనే అడగమన్నారు" అంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం. యుద్ధానికి ముందు ఇంగ్లండు వాళ్ళు అక్కడి జనం మీద పన్నులు వేశారు. టీ మీద కూడా వేశారు. జనం ఓడలెక్కి టీ పెట్టెలు పగలగొట్టి సముద్రంలో పారబోశారు. ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే. అక్కయ్య దాని మీద ఒక ముడి వేసింది. "పన్ను కలుపుకున్నా కూడా ఆ టీ అంతకు ముందుకంటే చౌకే. పైగా వాళ్ళకి టీ అంటే ప్రాణం. మరెందుకు పారబోశారు? ఇంటికెళ్ళి అమ్మని అడగండి."

అప్పటికి మేము సౌదీ వచ్చి ఏడాది కాలేదు. మా ఆయన ఉద్యోగం ఒప్పుకుని, టికెట్లు తీసి, అప్పుడు చెప్పాడు నాతో. ఊళ్ళో నా ఉద్యోగం వదిలి వచ్చాను. ఇక్కడ కిటికీలోంచి చూస్తే ఎదుటి బిల్డింగు ఏసీ డబ్బాలు. ఆ కసి అంతా బెండకాయల మీద చూపిస్తూ, "ఎందుకేమిటి! అడక్కుండా గ్లాసులో పోస్తే పారబొయ్యరూ? చౌకైతే ఎవడికి కావాలి? అంతా మీ నాన్న లాగే!" అన్నాను. మా మహాతల్లి అక్షరం పొల్లుపోకుండా, నాన్న లాగే అన్నదాంతో సహా, క్లాసులో అప్పజెప్పింది.

ఆ వారం తల్లిదండ్రుల సమావేశంలో నన్ను చూడగానే అక్కయ్య నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ జవాబు మీదేనా?" అంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "ఏళ్ళుగా అడుగుతున్నానండీ. ఎంతోమంది తల్లులు జవాబులు పంపారు. పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది ఇదే." ఆ తర్వాత మెల్లిగా, "మీకు ఉద్యోగం చెయ్యాలని ఉందా? లెక్కల టీచరు కావాలి మాకు. బలవంతం ఏం లేదు, అడుగుతున్నాను" అంది. సౌదీ వచ్చాక నన్ను ఏదైనా అడిగిన మొదటి మనిషి ఆవిడే. నాకు అక్కడే కళ్ళనీళ్ళు తిరిగాయి.

టీ అంటే ఆవిడకి పిచ్చి. ఖాలా డబ్బా పాలలో యాలకులు దంచి వేసి, పొంగు మీద పొంగు రానిచ్చి, బాగా మరిగించి కాస్తుంది. అది కప్పులోంచి సాసరులో పోసుకుని, ఊదుకుని, జుర్రుమని చప్పుడు చేస్తూ తాగేది అక్కయ్య. ఇంగ్లీషు టీచర్లు మొహాలు అటు తిప్పుకునేవాళ్ళు. "ఈ టీ తాగకుండా పాఠం చెప్పమంటే నేను రోమ్‌ని తీసుకెళ్ళి చైనాలో పెడతాను" అనేది. ఖాలా వంటగది గుమ్మంలో నిలబడి, ఆ చప్పుడు విని, సంతృప్తిగా లోపలికి పోయేది.

ఆ తర్వాత ఇక్కడ కుటుంబాల మీద ఫీజు వచ్చింది. భార్యాపిల్లల్ని తెచ్చుకున్నవాళ్ళు తలకింతని కట్టాలి. చాలామంది మగవాళ్ళు కట్టలేక కుటుంబాలకి ఎగ్జిట్ వీసా కొట్టించి ఊరికి పంపేశారు. క్లాసుల్లో బెంచీలు ఖాళీ అయ్యాయి. అప్పుడొక పిల్ల లేచి అడిగిందట, "మేడమ్, మనల్నీ ఎవరూ అడగలేదుగా? ఇదీ టీ లాంటిదేనా?" అని. అక్కయ్య చేతిలోని పటం కింద పెట్టిందట. "కాదమ్మా. మనం ఒకరింటికి వచ్చాం. వచ్చినప్పుడు ఆ ఇంటి పద్ధతి ప్రకారం ఉండాలి. కుదరకపోతే వెళ్ళడానికి మనకో ఊరుంది. ఆ అమెరికా వాళ్ళని వాళ్ళ సొంత ఇంట్లోనే చుట్టాల్లా బతకమంటే, అప్పుడు పారబోశారు టీ" అందట. నాకు ఈ మాట చెప్పి, "సరిగ్గానే చెప్పానంటావా?" అని అడిగింది. ఏమో అన్నాను. నాకిప్పటికీ తెలీదు.

పిల్లలు తగ్గేసరికి స్కూలు వాళ్ళు ఖర్చులు బిగించారు. అంతవరకూ టీ స్కూలు ఖర్చే. ఒక నెల చూస్తే మా జీతాల్లో టీ కింద కాస్త కోత పడింది. ఏమంత లేదు. బయట దుకాణంలో కరక్ చాయ్ తాగే ఖరీదుతో పోలిస్తే దండగే లేదు. అందరం పోనీలెద్దూ అనుకున్నాం. అక్కయ్య జీతం స్లిప్పు అటూ ఇటూ తిప్పి చూసింది. "చౌకే. నిజంగా చౌకే" అంది. అని, కప్పు కడుక్కొచ్చి, టేబుల్ మీద బోర్లించింది.

మర్నాడు ఆవిడ కప్పు పక్కన ఇంకో రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. ఆ వారాంతానికి టేబులంతా బోర్లించిన కప్పులే. నా కప్పు కూడా. ఎవరి ఫ్లాస్కు వాళ్ళం తెచ్చుకునేవాళ్ళం. అక్కయ్య మాత్రం అదీ తెచ్చుకోలేదు, వేణ్ణీళ్ళు తాగేది. పదకొండయ్యేసరికి తల రెండు చేతులా పట్టుకుని, వంటగది వైపు మొహం తిప్పి యాలకుల వాసన పీల్చేది. "ఫ్లాస్కు తెచ్చుకోవచ్చుగా అక్కయ్యా?" అంటే, "ఇష్టమైనది మానుకుంటేనే కదే, అవతలివాడికి తెలిసేది" అనేది. ఆ రోజుల్లోనే వాళ్ళ నాయనమ్మ కథ చెప్పింది. తెల్లదొరల కాలంలో చీరాల పేరాలకి మునిసిపాలిటీ పెట్టి పన్ను వేస్తే, మమ్మల్నడిగారా అని ఊరూ ఊరంతా ఇళ్ళకి తాళాలు వేసుకుని, ఊరవతల పాకల్లోకి వెళ్ళిపోయిందట. దాదాపు ఏడాది ఉన్నారట అలా. నాయనమ్మ అప్పటికి చిన్నపిల్ల. చెబుతుంటే అక్కయ్య గొంతులో ఏదో పెళ్ళి కబురు చెబుతున్నంత సంబరం. వింటున్న మాకూ రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఒక పొద్దున ఖాలా స్టాఫ్ రూములోకి వచ్చి నిలబడింది. చేతిలో ట్రే లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు ఎగ్జిట్ అంట" అంది. "టీ ఎవురూ తాగనప్పుడు టీ ఆయా ఎందుకని ఆఫీసులో చెప్పినారు. ఈడ ఉండే ఇకామా కాగితం ఇంగ రెన్యూ చేయరంట. ఊర్లో నా బిడ్డ నర్సింగు చదువు సగంలో ఉండాది. నేను బోతే దాని చదువు ఏం గావల్ల?"

తలెత్తి చూద్దామంటే ఎదురుగా బోర్లించిన కప్పులు. అక్కయ్య లేచి, "నాతో రా" అని నన్ను తీసుకుని ప్రిన్సిపాల్ గదికి నడిచింది. తలుపు దగ్గర అలవాటుగా "రావచ్చా?" అని ఆగింది.

ప్రిన్సిపాల్‌ది మన ప్రాంతం కాదు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. "ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా? ఆ డబ్బు మీకొక లెక్కా? పంతం కాకపోతే!" అంది ఆవిడ.

"పంతమే అనుకోండి. పంతం నాది, ఉద్యోగం ఆవిడది. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి" అంది అక్కయ్య. "నా ఇకామా మా ఆయన మీద ఉంది. ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చుంటాను, అంతే. ఆవిడ ఇకామా స్కూలు మీద ఉంది. ఆవిడ విమానం ఎక్కాలి."

వాళ్ళాయన ఉద్యోగం కూడా అప్పుడు ఊగిసలాటలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. "అసలు మీకేం కావాలి?"

"ఒక్కసారి కిందికొచ్చి మమ్మల్ని అడగండి. అంతే."

"అడిగితే మీరు వద్దంటే?"

"వద్దంటే మానుకోండి. కానీ అనం మేడమ్."

మర్నాడు ఇంటర్వెల్‌లో ప్రిన్సిపాల్ నిజంగానే వచ్చింది. నీళ్ళ కూలర్ పక్కన నిలబడి, ఎటు చూడాలో తెలీక గోడ గడియారం చూస్తూ, "స్టాఫ్ టీ కోసం మీ జీతంలోంచి కొంత తీసుకోవచ్చా?" అంది. మొట్టమొదట లేచిన చెయ్యి అక్కయ్యది. క్లాసులో జవాబు తెలిసిన పిల్లలాగా భుజం దాకా ఎత్తింది. మేమంతా ఎత్తాం. ప్రిన్సిపాల్ వెళ్ళిపోయాక ఒకటే గోల, నవ్వులు. యుద్ధం గెలిచేశాం అనుకున్నాం!

అక్కయ్య కప్పు తిరగేసి పెట్టుకుని, "ఖాలా, టీ పెట్టు తల్లీ, తలకాయ పగిలిపోతోంది" అని కేకేసింది.

ఖాలా వంటగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. "పెట్టను" అంది.

నవ్వులు ఆగిపోయాయి.

"మిమ్మల్ని అడగల్యాదని మీకు అంత రోసం వచ్చె. మంచిదే. కప్పులు బోర్లిచ్చేటప్పుడు నన్ను ఒక మాట అడిగితిరా టీచరమ్మా? 'ఖాలా, రేపట్నుంచి మేం తాగం, ఇదీ సంగతి' అని ఒక్కరన్నా చెప్పితిరా? నా టీ బాగల్యాకుండా అయిందేమో అనుకుంటి. పాలడబ్బా మార్చితి. యాలకలు రొంత ఎక్కువేస్తి. ఎంత చేసినా ఎవురూ తాగకపోతే, రాత్రి నా ఖోలీలో కూకొని ఏడిస్తి."

నేను ఏదో సర్దిచెప్పబోతే అక్కయ్య చెయ్యి అడ్డం పెట్టింది. "అడగలేదు ఖాలా" అంది. "నాకు తట్టనే లేదు."

లేచి వంటగది గుమ్మం దాకా వెళ్ళింది. ఒక కాలు ముందుకి వేసి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "నీ పొయ్యి దగ్గరికి రానా?"

అక్కయ్య అక్కడే నిలబడింది, అబాయా అంచు చేత్తో పట్టుకుని. బెల్లు కొట్టేశారు. ఒక్కరం కదల్లేదు. బయట వరండాలో పిల్లల అరుపులు. చివరికి ఖాలా కాస్త పక్కకి జరిగి, "రా" అంది.

టీ అక్కయ్య కాచింది. అంత టీ పిచ్చి ఉన్న మనిషికి కాయడం బొత్తిగా రాదని ఆ రోజే తెలిసింది. పొంగబెట్టి పొయ్యి పాడుచేసింది. గ్లాసు ఖాలా ముందు పెట్టి, గిన్నె పట్టుకుని, "పొయ్యనా?" అంది.

"పొయ్. సగమే."

సరిగ్గా సగం పోసింది. ఖాలా ఒక గుక్క తాగి, "టీ కాదమ్మా ఇది, పానకం" అంది. అందరం ఒక్కసారి నవ్వేశాం. నవ్వుతూనే చూశాను, అక్కయ్య కళ్ళు తుడుచుకుంటోంది. అప్పుడు ఖాలా ఆ గిన్నె లాక్కుని, పొయ్యి తుడిచి, అసలు టీ పెట్టింది. మొదటిసారిగా ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, "తాగుతారా?" అని అడిగి మరీ పోసింది. ఆ అలవాటు ఇప్పటికీ మానలేదు. ఆవిడ ఉద్యోగం నిలబడింది. ఇకామా రెన్యూ అయింది.

ఆ మధ్యాహ్నం స్కూలు బస్సులో అక్కయ్య కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. "నాయనమ్మ కథ నీకు సగమే చెప్పాను" అంది. "పాకల్లో ఉన్నన్నాళ్ళూ నాయనమ్మ వాళ్ళమ్మ ఏడుస్తూనే ఉండేదట. మగ్గం ఇంట్లో ఉండిపోయింది. సగం నేసిన చీర దాని మీదే ఉంది. తాళం వేద్దామా అని ఆమెని ఎవరూ అడగలేదుట. నాయనమ్మ ఎప్పుడు చెప్పినా ఈ ముక్క దగ్గరే ఆపేది. నేను మాత్రం ఎవరికి చెప్పినా ఈ ముక్క వదిలేసేదాన్ని. కథ చెడుతుందని."

"అయితే వెళ్ళడం తప్పంటారా?" అన్నాను.

"తప్పు కాదే. వెళ్ళాల్సిందే. ఆవిణ్ణి అడిగి వెళ్ళాల్సింది."

ఆ ఏడాది నుంచి అమెరికా పాఠంలో ఆవిడ రెండో ప్రశ్న కూడా వేసేది. "టీ పారబోశారు సరే. ఆ ఓడల్లోంచి పెట్టెలు దింపుకుని బతికే కూలీలు ఉంటారు కదా. వాళ్ళనెవరైనా అడిగారంటారా?" దీనికి కూడా జవాబు చెప్పేది కాదు. అమ్మని అడగండి అనేది. తల్లుల దగ్గర్నుంచి ఏం జవాబులొచ్చాయో, నేను అడిగినా చెప్పలేదు.

కొన్నాళ్ళకి అక్కయ్య వాళ్ళాయన ఉద్యోగం అయిపోయి, పేరాల ప్రయాణమయ్యారు. వెళ్ళే రోజున అందర్నీ పలకరించి, చివర వంటగదికి వెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను.

"వెళ్ళొస్తాను ఖాలా. వెళ్ళనా?"

"వద్దంటే ఉంటావా టీచరమ్మా?"

"ఉండను. అయినా అడగాలి కదా."

ఖాలా పకపకా నవ్వి, "అయితే పోయి రా" అంది. ఇద్దరూ ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. అదే నేను ఆవిణ్ణి చూడ్డం ఆఖరు.

ఇవాళ్టి ఇంటర్వెల్ బెల్లు మోగింది. టీచర్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. ఇక లేద్దాం అనుకునేలోపే ఖాలా ట్రేతో వచ్చేసింది. కెటిల్ నా కప్పు మీదికి వంచి ఆగి, ఎప్పటిలాగే, "పొయ్యనా అమ్మా?" అంది.

నేను ఊఁ అనలేదు కాబట్టి ఆవిడ పొయ్యలేదు. కెటిల్ అలాగే పట్టుకుని నిలబడింది. నా మొహం చూసి, "ఏమైందమ్మా?" అంది.

చెప్పాను. పొద్దున పోయారనీ, నిద్రలోనేననీ.

ఖాలా కెటిల్ టేబుల్ మీద పెట్టేసింది. పక్క కుర్చీ చేత్తో తడుముకుని కూర్చుంది. నేను ఎరిగినన్నాళ్ళలో ఆ గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదలు. తన అరచేతులు చూసుకుంది. నా వైపు తిరిగి, చిన్నపిల్ల ఫిర్యాదు చేసినట్టు అంది.

"ఈ తూరి అడక్కుండానే పాయె గదమ్మా."